కారుషెడ్డు గచ్చుకు ఎపాక్సీ పూత

చెన్నపట్నంలో మనవారు కొందరు ఇప్పుడు కారుషెడ్డు గచ్చుమీద ఎపాక్సీ పూత వేయించుచున్నారు. అద్దమువలె మెరియును, నూనె మరక తుడిచిన పోవును. నిజమే. కాని పనివారు ముందుగా చెప్పని సంగతి ఒకటున్నది: చెమ్మ.

నేలలోని చెమ్మ కాంక్రీటుగుండా ఆవిరియై పైకి వచ్చును. పూత దానికి దారి ఇయ్యదు గదా! బొబ్బలు లేచి, పొరలుగా ఊడిపోవును. అందుచేత అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, వానల రోజులలో, ఈ పని తలపెట్టకుండుటే మేలని మా అభిప్రాయము. పరీక్ష సులువు. మూరెడు చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు ప్రక్కల టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. అడుగున నీటిబొట్లు కనిపించినా, గచ్చు నలుపెక్కినా, మేస్త్రీ ఏమి చెప్పినను ఆగండి.

కొత్త గచ్చుకు 28 రోజులైనా గడువవలెను. పాత గచ్చును మిషనుతో గరుకు పట్టించక పూసినచో, వేడి టైర్లకు అంటుకొని లేచివచ్చును. రెండు డబ్బాల మందు కలిపిన పిమ్మట అరగంట, ముప్పావుగంటలో ముగించవలెను. మన ఎండలకు ఇంకను త్వరగా బిగిసిపోవును. ఉదయమే మొదలుపెట్టించండి.

తడిసిన జారును. ఇంట పెద్దలుంటే పూతపై సన్నని ఇసుక చల్లించండి. మెరుపు తగ్గినా ఫరవాలేదు. నడచుటకు ఒక దినము, కారు నిలుపుటకు వారము ఆగవలెను. వాకిట ముగ్గు పెట్టు మేర మాత్రము వదలివేయించండి. ఆ నునుపుమీద ముగ్గు నిలువదు.