సర్వరులో వ్రాతల మీటరు

మీ ఇంటి కరెంటు మీటరులో 4,310 అని ఉన్నదనుకోండి. ఈ నెల ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో ఆ ఒక్క అంకె చెబుతుందా? చెప్పదు. కిందటి నెల రీడింగును అందులోంచి తీసివేస్తేనే లెక్క తేలుతుంది.

రైలు టిక్కెట్లు, బ్యాంకు ఖాతాలు, పరీక్షల మార్కులు - వీటిని భద్రపరిచే డేటాబేస్ సర్వర్లలోనూ ఇలాంటి మీటర్లే ఉంటాయి. వాటిని కౌంటర్లు అంటారు. సర్వరు ఏదైనా రాసినప్పుడల్లా ఇవి పెరుగుతూ పోతాయి.

అయితే ‘ఒక వ్రాత’ అంటే ఏమిటి? 1995లో వెలువడిన మైఎస్‌క్యూఎల్‌ను తీసుకుందాం. 40 మంది విద్యార్థుల మార్కులను ఒకే ఆజ్ఞతో చేర్చామనుకోండి. ‘కామ్_ఇన్సర్ట్’ అనే కౌంటరు చేర్పు ఆజ్ఞలను లెక్కిస్తుంది. అది 1 పెరుగుతుంది. ‘ఇన్నోడీబీ_రోస్_ఇన్సర్టెడ్’ వరుసలను లెక్కిస్తుంది. అది 40 పెరుగుతుంది. డిస్కుకు వెళ్లిన పేజీలకు వేరొక కౌంటరు ఉంది. పేజీ అంటే సాధారణంగా 16 కిలోబైట్లు. ఆ 40 వరుసలూ చిన్నవైతే ఒక్క పేజీలోనే ఇమడవచ్చు. అదీ వెంటనే డిస్కుకు వెళ్లదు. కొట్టు గుమాస్తా ముందు చిట్టాలో రాసుకొని, తరువాత ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్లే ఇదీ. పని ఒకటే, లెక్కలు మూడు. మూడూ నిజమే! ఏది అడుగుతున్నామో మనకు తెలియాలి.

ఉదయం 10 గంటలకు వరుసల కౌంటరు 8,40,000. పది నిమిషాల తరువాత 9,60,000. తేడా 1,20,000. దాన్ని 600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 200. బాగానే ఉంది. కాని ఆ వ్రాతలన్నీ ఒకే నిమిషంలో వచ్చిపడి ఉంటే? ఆ నిమిషంలో సెకనుకు 2,000! సర్వరు ఉక్కిరిబిక్కిరై, టిక్కెట్టు కోసం చూసేవారు నిలిచిపోవచ్చు. సగటు మాత్రం ‘అంతా కులాసా’ అంటుంది. అందుకే రీడింగులను కొద్ది సెకన్లకొకసారి తీస్తారు.

మరొక చిక్కు. సర్వరును ఆపి మళ్లీ నడిపితే ఈ కౌంటర్లు సున్నా నుంచి మొదలవుతాయి. తరువాతి రీడింగు 30,000 వస్తే తేడా మైనస్ 9,30,000! వ్రాతలు రుణసంఖ్యలో ఉండవు గదా. ప్రొమీథియస్ అనే పర్యవేక్షక ప్రోగ్రాము అంకె తగ్గగానే సంగతి గ్రహించి, 30,000నే కొత్త పెరుగుదలగా తీసుకుంటుంది. కాని చివరి రీడింగుకూ, సర్వరు ఆగడానికీ మధ్య జరిగిన వ్రాతలు ఆ లెక్కకు అందవు.

ఇక మీకొక లెక్క: ఒక్క నిమిషంలో ఆజ్ఞల కౌంటరు 600, వరుసల కౌంటరు 24,000 పెరిగాయి. ఆజ్ఞకు సగటున ఎన్ని వరుసలు? సెకనుకు ఎన్ని వరుసలు?

(జవాబు: 40, 400.)