కీబోర్డు మొరాయిస్తోందా? పారేసే ముందు ఇవి చూడండి

మార్కాపురం అంటే పలకలు. పలకల పని జరిగే చోట సన్నటి రాతి దుమ్ము ఉండనే ఉంటుంది. అది కీబోర్డు కీల కింద చేరిందంటే, సరిగ్గా అప్లికేషన్ గడువు చివరి రోజే ఏదో ఒక అక్షరం పడదు. పాస్‌వర్డులో ఆ అక్షరమే ఉంటే ఇక చూడండి అవస్థ!

అలాంటప్పుడు కంగారు పడొద్దు. విండోస్, కంట్రోల్, ఓ కీలు మూడూ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు వస్తుంది. మౌస్‌తో నొక్కుతూ ముందు పని పూర్తి చేసుకోండి. రిపేరు తర్వాత.

అసలు చెడిందా లేదా అన్నది చూడాలి. కుడివైపు షిఫ్ట్ కీని 8 సెకన్లు అదిమి పడితే ఫిల్టర్ కీస్ ఆన్ అవుతుంది, మామూలుగా నొక్కితే అక్షరాలు పడవు. చాలామంది దీన్నే రిపేరు అనుకుంటారు. ఉర్దూ, తెలుగు రెండూ టైప్ చేసే ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. విండోస్, స్పేస్ కలిపి పడితే భాష మారిపోతుంది. ఎ నొక్కితే అలిఫ్ వచ్చిందంటే కీబోర్డు తప్పేం లేదు, ఉర్దూ ఫొనెటిక్‌లో ఉన్నారన్నమాట. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి కీ మీద ఉంటుంది. ఆ ఒక్క కీ చెడితే దాదాపు ఒత్తులన్నీ ఆగిపోతాయి.

ఇక లోపలి సంగతి. మామూలు కీబోర్డులో మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి. పైదాని మీద, కిందిదాని మీద కరెంటు పారే సన్నటి గీతలు. మధ్య షీటుకు చిల్లులు. కీ నొక్కితే రబ్బరు బుడిపె అణిగి, చిల్లులోంచి రెండు గీతలూ తాకుతాయి. ఒక్కో గీత చాలా కీలకు పనిచేస్తుంది. కాబట్టి ఒక్క కీ మొరాయిస్తే చాలావరకు మురికే. నాలుగైదు కీలు ఒకేసారి పోతే గీత తెగిందని అనుమానించాలి.

మురికైతే వైరు పీకి, బోర్లించి తట్టండి. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, కీలను మెల్లగా పైకి లేపండి. స్పేస్ బార్ జోలికి మాత్రం వెళ్లకండి. దాని కింద ఇనుప తీగ ఉంటుంది, మళ్లీ బిగించడం తలనొప్పి. ఊడిన కీలను సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టి, ఖాళీ అయిన చోట పెయింటు బ్రష్‌తో దులపండి.

టీ ఒలికితే వెంటనే వైరు తీసి బోర్లించండి. ఆరాక చక్కెర జిగురు మిగులుతుంది. వెనక స్క్రూలు విప్పి (ఒకటి స్టిక్కర్ కింద దాగి ఉండొచ్చు) షీట్లను తడిగుడ్డతో తుడవాలి. ఇక్కడే మన ప్రాంతం వాళ్లకు ఒక హెచ్చరిక. బోరు నీళ్లు వాడొద్దు. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే ఆ లవణాలే షీట్ల మీదా మిగులుతాయి. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు కాస్త చాలు. ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. తొందరపడి ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది.

గీత తెగితే సోల్డరింగ్ పెట్టకండి, షీటు కరిగిపోతుంది. వెండి పూత పెయింటుతో అతికించొచ్చు గానీ, దాని ఖర్చుకు కొత్త కీబోర్డే వస్తుంది.

ల్యాప్‌టాప్ మీద నీళ్లు పడితే ఇవేవీ పనికిరావు. వెంటనే ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, ఆన్ చేసి చూడకుండా నేరుగా షాపుకు తీసుకెళ్లండి.