ఓడెక్కిన అప్పన్నలు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనే ఇంటిపేర్లవాళ్లు ఉన్నారు. విశాఖపట్నం దగ్గరి పరవాడలోనో లంకెలపాలెంలోనో ఈ పేర్లు చెప్పి చూడండి, వాళ్ల పెద్దలు ఎటువైపువాళ్లో ఇట్టే చెప్పేస్తారు. సింహాచలం అప్పన్నకు మొక్కుకుని బిడ్డకు అప్పల పేరు పెట్టుకోవడం ఉత్తరాంధ్ర ఆనవాయితీ. అయితే ఇక్కడ అది మనిషి పేరు, అక్కడ వంశానికే పేరైంది.

మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా ఒప్పందపు కూలీలుగా డర్బన్ ఉన్న నేటాల్‌కు వెళ్లినవాళ్లు 1,52,184 మంది. చెరకు తోటలు, రైలు మార్గాలు, బొగ్గు గనులు వాళ్ల చెమటతో నడిచాయి. వాళ్లలో అప్పటి విశాఖపట్నం జిల్లా వాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీది మచ్చలతో సహా జాబితాలో ఎక్కించారు. ఇంటిపేరుకు మాత్రం అందులో గడి లేదు. తర్వాతి తరానికి ఇంటిపేరు అవసరమైనప్పుడు చాలామందికి తండ్రి పేరే మిగిలింది.

ఇంటిపేర్ల జాడ విషయంలో ఫ్రెంచి కెనడా వాళ్ల సంగతి వేరు. 1663 నుంచి 1673 వరకు ఫ్రాన్స్ రాజు ఖర్చుతో క్విబెక్‌కు వచ్చిన ఆడపిల్లలు దాదాపు 770 మంది. వాళ్ల పెళ్లిళ్లు, బిడ్డల బాప్తిజాలు, చావులు చర్చి పుస్తకాల్లోకి ఎక్కాయి. పెళ్లయినా ఆ పుస్తకాల్లో స్త్రీకి పుట్టింటి పేరే ఉండేది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం 1966 నుంచి ఆ రిజిస్టర్లను జతపరుస్తూ కుటుంబాలను తిరిగి కట్టింది. కానీ మన వలసల్లో ఆడవాళ్ల జాడ పట్టడమే అన్నిటికన్నా కష్టం. వందమంది మగవాళ్లకు నలభైమంది స్త్రీలు ఉండాలన్న నిబంధన కింద ఓడెక్కిన అప్పలమ్మకు జాబితాలో తండ్రి పేరుంది, ఊరుంది. పుట్టింటి పేరు మాత్రం ఆమెతోనే పోయింది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

కాబట్టి వెతుకులాట నంబరుతో మొదలవ్వాలి. నేటాల్ ఓడల జాబితాల్లోనూ, మారిషస్‌కు వెళ్లిన కూలీలయితే అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన రికార్డుల్లోనూ నంబరు దొరికితే ఊరి పేరు దొరుకుతుంది. దాన్ని గుమాస్తా తన చెవికి విన్నట్టు రాశాడు గనక పైకి పలికి చూసుకోవాలి. జిల్లా విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆనాటి విశాఖపట్నం జిల్లాలోంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి విడిపోయాయి. పరవాడ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది.

ఊరు దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఈ చుట్టుపక్కల ఊళ్లు లేచిపోయాయి. తర్వాత పరవాడ పక్కనే సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ వచ్చాయి. ఖాళీ అయిన ఊళ్ల కుటుంబాలు అగనంపూడి, గాజువాక వైపు పునరావాస కాలనీల్లో చెదిరి ఉన్నాయి. ఫలానా వీధిలో ఏ ఇంటిపేరువాళ్లు ఉండేవారో, ఎవరి తాత సముద్రం దాటిపోయాడో చెప్పగల ముసలివాళ్లు ఆ కాలనీల్లోనే ఉన్నారు. డర్బన్ నుంచి వచ్చే మనవళ్లకు కావలసిన గడిని నింపగలిగేది వాళ్లే. వాళ్లు చెప్పింది ఊరువారీగా, ఆడవాళ్ల పుట్టింటి పేర్లతో సహా, ఈ వేసవి సెలవుల్లోనే కాలేజీ పిల్లల చేత రాయించాలి.