భార్య పేరిట పొదుపు, భర్తకు మినహాయింపు

ఆర్థిక సంవత్సరం చివరికి వచ్చేసరికి తునిలో మమ్మల్ని జకాత్ లెక్కలతో పాటు ఆదాయపు పన్ను లెక్కలూ అడుగుతుంటారు. "మేమిద్దరం ఉద్యోగులమే. వృద్ధాప్యం కోసం దాచుకునే సొమ్ముపై ఇద్దరికీ కలిపి ఎంత మినహాయింపు?" అన్నది వాటిలో తరచుగా వినబడే ప్రశ్న.

మన చట్టంలో దంపతులకు ఉమ్మడి రిటర్ను లేదు. అమెరికాలో ఉంది, సంపాదన లేని భార్య పేరిట, భర్త ఆదాయం ఆధారంగా విశ్రాంత ఖాతాలో సొమ్ము వేయవచ్చు. అయితే అక్కడ కూడా ఆ ఖాతా ఆమె ఒక్కరిదే. ఇక్కడ ఎవరి పాన్ వారిది, ఎవరి పరిమితి వారిది.

2025-26 సంవత్సరానికి పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి 80సి కింద 1,50,000 రూపాయల వరకు, జాతీయ పింఛను పథకంలో జమచేసినదానికి అదనంగా 50,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. ఒకరు వాడుకోని భాగం మరొకరికి బదిలీ కాదు. భార్య పీపీఎఫ్ ఖాతాలో భర్త తన సొమ్ము వేస్తే మినహాయింపు భర్తకు లభిస్తుంది; ఆమె పింఛను ఖాతాలో వేస్తే లభించదు. కొత్త విధానంలో ఈ రెండూ లేవు, యజమాని చెల్లించే పింఛను వాటాకు మాత్రమే మినహాయింపు. సీపీఎస్ పరిధిలోని ఉపాధ్యాయినులు దీనిని గమనించాలి.

పీపీఎఫ్‌పై జమ అయ్యేది వడ్డీయే. పన్ను మినహాయింపు దానిని ధర్మసమ్మతం చేయదు. జీతంలో నిర్బంధంగా కోతపడే భవిష్యనిధి గురించి కొందరు ఉలమాలు ఇచ్చిన వెసులుబాటును స్వయంగా తెరుచుకునే ఖాతాకు అన్వయించరాదు.

అయితే ఇప్పటికే ఆమె ఖాతాలో వేసిన అసలు సొమ్ము ఎవరిది? భర్త బ్రతికి ఉన్నంతకాలం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. జనాజా లేచిన తరువాతనే తోబుట్టువులు అడుగుతారు. భర్త దానిని హిబాగా ఇచ్చి, ఆమె స్వాధీనం చేసి ఉంటే అది పూర్తిగా ఆమెదే. వారసత్వ పంపకంలోకి రాదు. పన్ను కోసం ఆమె పేరు వాడుకున్నాడంతే అయితే అది అతని ఆస్తి. సంతానం ఉన్నచో అన్నిసా సూరా 12వ ఆయతు ప్రకారం ఆమె వాటా ఎనిమిదో వంతు. ఒకే పాస్‌బుక్కు, రెండు తీర్పులు! భర్త ఇచ్చిన సొమ్ముపై వచ్చే ఆదాయాన్ని పన్ను చట్టం అతని ఆదాయంలో కలిపి చూస్తుంది గానీ, అది పన్ను లెక్కే. యాజమాన్యాన్ని తేల్చేది కాదు.

కనుక సొమ్ము వేసిన నాడే అది హిబాయో అమానతో కాగితంపై వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. హిబా అయితే పాస్‌బుక్కును భార్య చేతికే ఇవ్వండి.