ఇంటిపై సౌర విద్యుత్తు: ఖర్చు లెక్కకు కరెంటు బిల్లే ఆధారం

శంషాబాద్: రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి 2021 నాటికే 10 మెగావాట్ల సొంత సౌర విద్యుత్ సామర్థ్యం సమకూరింది. ఆ పరిసరాలలోని శంషాబాద్, రాళ్ళగూడ, సాతంరాయి ప్రాంతాల గృహస్థులు తమ ఇంటికి ఎంత ఖర్చవుతుందని విచారించినప్పుడు సాధారణంగా కిలోవాటుకు ఇంత అనే సమాధానం లభిస్తుంది. ఆ ఒక్క అంకెతో లెక్క తేలదు. ఒకే ధరకు అమర్చిన ఫలకాలు ఒక ఇంటికి రెండున్నరేళ్లలో, మరొక ఇంటికి నాలుగేళ్లకు పైబడి పెట్టుబడిని తిరిగి ఇస్తాయి. కొన్ని ఇండ్లకు అసలు ఇవ్వకపోవచ్చు.

2024 ఫిబ్రవరి 13న ప్రారంభమైన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద ఒక కిలోవాటుకు రూ. 30,000, రెండింటికి రూ. 60,000, మూడు కిలోవాట్లకు రూ. 78,000 రాయితీ నిర్ణయించారు. మూడు కిలోవాట్లకు మించి ఎంత పెట్టినా ఈ మొత్తం పెరగదు. రాయితీ సొమ్ము ఫలకాలు అమర్చి, తనిఖీ ముగిసిన తరువాతే వినియోగదారుని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. కనుక తొలుత పూర్తి ధరకు సొంత సొమ్మో, బ్యాంకు రుణమో సిద్ధం చేసుకొనవలసి ఉంటుంది. సౌర పరికరాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినందున, అంతకు ముందు తీసుకున్న కొటేషన్లను ఆధారం చేసుకొనరాదు.

ఇక పొదుపు సంగతి. హైదరాబాద్ పరిసరాలలో ఒక కిలోవాటు ఫలకాలు సగటున రోజుకు 4 యూనిట్లు, అనగా నెలకు 120 యూనిట్లు ఉత్పత్తి చేస్తాయి. వేసవిలో ఇంతకు ఎక్కువ, వానాకాలంలో తక్కువ. 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన గృహ రేట్లలో నెలకు 200 యూనిట్లు దాటిన వారికి మొదటి 200 యూనిట్లకు రూ. 5.10, తరువాతి 100కు రూ. 7.70, ఆపై 100కు రూ. 9 చొప్పున పడుతుంది. ఈ లెక్కన 400 యూనిట్లు వాడే ఇంటికి విద్యుత్ చార్జీ రూ. 2,690. రెండు కిలోవాట్లు అమర్చుకుంటే నికర వాడకం 160 యూనిట్లకు దిగుతుంది. 200 లోపు వారికి మొదటి 100 యూనిట్లకు రూ. 3.40, ఆపై రూ. 4.80 మాత్రమే కనుక చార్జీ రూ. 628 అవుతుంది. నెలకు రూ. 2,062 మిగులు. కిలోవాటు ధర రూ. 60,000 అనుకుంటే, రాయితీ పోను పెట్టుబడి రూ. 60,000. అది దాదాపు 29 నెలలలో తీరుతుంది. మూడవ కిలోవాటు కూడా పెడితే అదనంగా మిగిలేది నెలకు రూ. 550 మాత్రమే. దానికై అదనంగా పెట్టవలసినది రూ. 42,000. స్థిర చార్జీలు, సుంకం ఈ లెక్కలో చేర్చలేదు.

నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి ఒక కిలోవాటు వలన మిగిలేది సుమారు రూ. 595. రూ. 30,000 పెట్టుబడి తీరడానికి 50 నెలలు పడుతుంది. 2024 మార్చి నుండి అమలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు పొందే కుటుంబానికి బిల్లులో తగ్గేది ఏమీ లేదు. అమ్మకందారుల కరపత్రాలలో ఈ మాట సాధారణంగా కనిపించదు. అధికారులు అవగాహన సదస్సులలో దీనిని ముందుగా చెప్పడం న్యాయం.

విమానాశ్రయ ఉద్యోగులకు వాటాలు అద్దెకిచ్చే భవనాలలో మరొక చిక్కు ఉన్నది. వాటాకు ఒక మీటరు ఉన్నచోట ప్రతి మీటరు ప్రత్యేక సర్వీసు కనెక్షన్. యజమాని మీటరుకు అనుసంధానించిన ఫలకాల ఉత్పత్తి కిరాయిదారుల మీటర్ల వాడకాన్ని తగ్గించదు. ఇంటి మొత్తం వాడకాన్ని కూడి ఫలకాల సామర్థ్యం నిర్ణయిస్తే పెట్టుబడి వృథా అవుతుంది.

కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని స్థలం అవసరం. మిద్దెపై బట్టలు ఆరవేయడానికి, నడవడానికి వీలుగా ఎత్తైన ఇనుప చట్రం కోరుకుంటే ధర పెరుగుతుంది. ఫలకాల ఆయుర్దాయం 25 ఏళ్లుగా లెక్కించినా, ఇన్వర్టరును మధ్యలో ఒకసారి మార్చవలసి రావచ్చు. గ్రిడ్‌తో అనుసంధానమైన ఏర్పాటు కరెంటు పోయినప్పుడు పనిచేయదు. బ్యాటరీ కావాలంటే ఖర్చు వేరు, దానికి ఈ పథకంలో రాయితీ లేదు. దరఖాస్తును పథకపు జాతీయ పోర్టల్‌లో సమర్పించాలి. ఈ ప్రాంతంలో నెట్ మీటరు అమర్చేది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. గత 12 నెలల బిల్లులను దగ్గర ఉంచుకొని, అందులో 200 యూనిట్లు దాటిన నెలలెన్నో చూసిన తరువాతే కిలోవాట్ల సంఖ్యను నిర్ణయించుకొనవచ్చు.