పంచుకుంటేనే బ్రతికే పండ్లు

అండమాన్ పెరటి తోటలలోని కొన్ని అరుదైన చెట్ల విత్తనాలు ఏ గాదెలోనూ నిలువ ఉండవు. వాటిని కాపాడగలిగేది పొరుగువారి పెరడే.

వడ్లను ఎండబెట్టి గాదెలో పోస్తే మరుసటి సంవత్సరం చక్కగా మొలకెత్తుతాయి. మాంగుస్తాన్ గింజను అదే విధంగా ఎండబెడితే చచ్చిపోతుంది. రంబుటాన్, పనస, మామిడి గింజల సంగతీ ఇంతే. వాటికి ఎండ గిట్టదు, మంచు గిట్టదు, కాలయాపన అసలే గిట్టదు. పండునుండి వెలువడిన కొద్ది దినాలకో, కొద్ది వారాలకో నేల దొరకకపోతే వాటిలోని ప్రాణం ఆరిపోతుంది. 1973లో ఇ. హెచ్. రాబర్ట్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఇటువంటి విత్తనాలకు 'మొండి విత్తనాలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఈ మొండితనం వల్లనే అండమాన్ దీవులలో పండ్ల తోట పెంచేవారికి ఇచ్చిపుచ్చుకోవడం కేవలం మర్యాద కాక, ఒక అవసరమైనది.

వానల దీవి

దక్షిణ అండమాన్‌లో, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి నేడు శ్రీ విజయపురం అయిన నగరానికి చేరువలో బ్రూక్షాబాద్ ఉన్నది. ఆ ప్రాంతంలో సంవత్సరానికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖపట్నంలో కురిసేదానికి ఇది సుమారు మూడు రెట్లు. మే నెలలో మొదలైన వర్షాలు డిసెంబరు దాకా సాగుతాయి. చలి అన్నమాటే లేదు. మన కోస్తా జిల్లాల వడగాడ్పులకు తట్టుకోలేని మలయా దేశపు చెట్లకు ఇటువంటి గాలే కావాలి. అయితే జనవరి నుండి ఏప్రిల్ వరకు నేల బెట్టకు వస్తుంది. ఆ నాలుగు నెలలు నీరు పోసి, మొదట్లో ఆకులు కప్పి కాపాడినవారికే లేత మొక్క దక్కుతుంది.

ఈ దీవులలో ఇంచుమించుగా ప్రతి ఎనమండుగురిలో ఒకరి మాతృభాష తెలుగు అని 2011 జనాభా లెక్కలు తెలుపుతున్నాయి. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ ప్రాంతపు వారు ఇరుగుపొరుగున ఉంటారు. ఎవరి ఊరి రుచులు వారివి. ఆ రుచులన్నీ కొబ్బరి, పోక చెట్ల నీడన ఒకే పెరటిలో కలుసుకోవడానికి ఇక్కడ వీలున్నది.

నాలుక మీద

మొదట చెప్పుకోవలసినది ఖట్టాఫల్. ఇది బయటినుండి తెచ్చినది కాదు, ఈ అడవులలో పుట్టినదే. పనసకాయల వలె మాను మీదనే గుత్తులు గుత్తులుగా వ్రేలాడుతుంది. పలుచని తొక్క తీస్తే లోపల రసం నిండిన తొనలుంటాయి. పేరుకు తగినట్లు పులుపు ముందు తగులుతుంది, తీపి తరువాత వస్తుంది. ఒక చెట్టు పండుకూ మరొక చెట్టు పండుకూ రుచిలో తేడా ఉంటుంది. అందుచేతనే తీయని కాపు కాసే చెట్టుకు విలువ.

లక్ష్మణఫలం మన సీతాఫలానికి దగ్గరి చుట్టము. మెత్తని ముళ్ళు, దూది వంటి గుజ్జు, పులుపు కలిసిన తీపి దాని లక్షణాలు. కమరకను అడ్డంగా కోస్తే ఐదు కోణాల నక్షత్రం కనబడుతుంది. పిల్లలకు ముచ్చటే గాని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దానిని ముట్టరాదు. ఆరోగ్యవంతుల శరీరం విసర్జించగల విషపదార్థం వారిలో నిలిచిపోయి మెదడుకు చేటు తెస్తుంది.

ఇక మాంగుస్తాన్. ఊదారంగు తొక్క లోపల తెల్లని తొనలు వెన్నవలె కరిగిపోతాయి. పండు అడుగున చిన్న పువ్వు గుర్తు ఉంటుంది. ఆ గుర్తులో ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలుంటాయి. కోయకుండానే లెక్క చెప్పవచ్చు. నొక్కినప్పుడు తొక్క రాయివలె గట్టిగా ఉంటే ఆ పండు పాతబడినదన్న మాట. తొక్క రసం బట్టకు అంటితే వదలదు.

ఆడ చెట్టు, మగ చెట్టు

రుచి చూసిన పండు గింజను నాటితే ఆ పండే కాస్తుందన్న హామీ లేదు. ఖట్టాఫల్‌లో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. రంబుటాన్ గింజలు నాటితే మొలిచిన వాటిలో చాలా భాగం కాపు కాయని మగ చెట్లు కావచ్చు. ఐదారు సంవత్సరాలు పెంచి, పూత వచ్చాక గాని ఆ సంగతి తెలియదు. అందువలన తెలిసిన చెట్టునుండి తీసిన కన్నును మరో మొక్కకు అంటుకట్టడమే మేలైన మార్గం. మాంగుస్తాన్ పద్ధతి వేరు. దానికి మగ చెట్టుతో పని లేదు. గింజలోనుండి తల్లి పోలికే పుడుతుంది. కాని తొలి కాపుకు ఎనిమిది, పది సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది.

ఈ కారణాల వలన పెరటి తోటల బేరంలో డబ్బుకంటె నమ్మకం ముఖ్యం. ఒకరు కన్ను కొమ్మ ఇస్తారు, మరొకరు మొలకెత్తిన గింజ ఇస్తారు. గుజ్జు పూర్తిగా కడిగి, తడిపి పిండిన కొబ్బరి పొట్టులో చుట్టిన గింజ ప్రయాణానికి కొంత తట్టుకుంటుంది. విశాఖపట్నానికి ఓడ ప్రయాణం సుమారు మూడు రోజులు. కొద్ది దినాల ఆయుష్షు గల గింజకు అది చిన్న దూరం కాదు.

చరిత్రలో ఇంతకంటె పెద్ద ప్రయాణాలు జరిగాయి. సీమపనసలో మేలైన రకాలకు గింజ ఉండదు. మొక్కనే మోసుకుపోవాలి. విలియం బ్లై అనే నౌకాధిపతి తాహితి దీవిలో ఐదు నెలలు మకాం వేసి, వెయ్యికి పైగా మొక్కలను బౌంటీ ఓడలో ఎక్కించాడు. 1789 ఏప్రిల్ 28న నావికులు తిరుగుబాటు చేసి అతన్ని పడవలో వదిలివేశారు, మొక్కలను సముద్రంలో పారవేశారు. అతడు పట్టు విడువక రెండవ యాత్రలో, 1793లో, సీమపనసను వెస్టిండీస్ దీవులకు చేర్చాడు.

తోటయే బ్యాంకు

ప్రపంచపు పంటల విత్తనాలను దాచడానికి 2008లో నార్వే ప్రభుత్వం స్వాల్‌బార్డ్ దీవి మంచు కొండలో ఒక భాండాగారం తెరిచింది. అక్కడ విత్తనాలను ఎండబెట్టి సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉంచుతారు. మొండి విత్తనాలకు అందులో చోటు లేదు. అవి జీవించి ఉన్న చెట్ల రూపంలోనే నిలువాలి. గారచర్మలో 1978లో నెలకొల్పిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ దీవుల పండ్ల రకాలపై కృషి చేస్తున్నది. కాని ఒక్క సంస్థ తోటలో అన్ని రకాలూ, అన్ని రుచులూ ఇమడవు.

ఒకే చోట ఉన్న సంపదకు ఎంత ప్రమాదమో 2004 డిసెంబరు 26 చూపించింది. ఆనాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగింది. సిప్పీఘాట్ పరిసరాలలోని పల్లపు పొలాలు ఉప్పునీటి పాలై, మళ్ళీ సాగుకు రాలేదు. ఒక రకం ఒక్క తోటలోనే ఉంటే ఒక్క అల చాలు. మెరక మీద మరి నాలుగు పెరళ్ళలో దాని పిల్లలుంటే ఆ అల దానిని చెరపలేదు. నేడు అల రాకపోయినా, ఇల్లు కట్టుకోవడానికి కొట్టివేసే చెట్టుతో అదే నష్టం జరుగుతుంది.

పంచుకోవడానికీ హద్దులున్నాయి. పంటలను పీల్చి పిప్పిచేసే ఆఫ్రికా రాక్షసి నత్త రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, జపాను వారి ఆక్రమణ సమయంలో ఈ దీవులకు చేరిందని చెబుతారు. నేటికీ అది తోటలను పీడిస్తున్నది. కుండీ మట్టిలో నత్త గుడ్లు, చీమలు, తెగుళ్ళు కూడా ప్రయాణం చేస్తాయి. కనుక మట్టి లేని గింజ, శుభ్రమైన కన్ను కొమ్మ మేలు. విదేశాల నుండి విత్తనం తెచ్చుకోదలిస్తే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి, ఆరోగ్య పత్రం ఉండాలి. అడవిలోని మొక్కను పెకలించి తేవడం కంటె, పొరుగు తోటలో పెరిగిన దాని పిల్లను అడిగి తీసుకోవడం అన్నివిధాలా ఉత్తమం.

క్రొత్తగా తోట వేసేవారు చేయదగిన పని సులభమైనదే. కాపు కాసే చెట్టును ముందుగా రుచి చూచి, దాని అంటును సంపాదించి, చీటీ మీద పేరు, తేదీ, ఎవరి చెట్టు అన్నది వ్రాసి కట్టాలి. అది నిలదొక్కుకున్న తరువాత కనీసం ఇద్దరికి దాని సంతతిని ఇవ్వాలి. తన చెట్టు ఎప్పుడైనా గాలివానకు కూలిపోతే, తిరిగి అడిగి తెచ్చుకోవడానికి అప్పుడు రెండు పెరళ్ళు ఉంటాయి.