హామిల్టన్ తొలి అడుగులు: అపోహలు – వాస్తవాలు

కారు రేసులు ఎప్పుడూ చూడనివాళ్ళకు కూడా లూయిస్ హామిల్టన్ పేరు తెలుసు. ఏడుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్, వందకు పైగా రేసుల విజేత. ఆ పేరు వెంటే ఒక కథ కూడా తిరుగుతూ ఉంటుంది. పదేళ్ళ కుర్రాడు పెద్ద రేసింగ్ జట్టు అధిపతి దగ్గరికి ధైర్యంగా వెళ్ళి, ఎప్పటికైనా మీ కార్లు నడుపుతానన్నాడు, ఆయన సరేనన్నాడు, కుర్రాడు జగజ్జేత అయ్యాడు.

ఈ కథలో 1995 తర్వాత నేరుగా 2008 వచ్చేస్తుంది. మధ్యలో గడిచిన పదమూడేళ్ళ ఊసే ఉండదు. రేసర్ కావాలని కలలుగనే పిల్లలకూ, వాళ్ళ కన్నవాళ్ళకూ ముఖ్యంగా తెలియాల్సింది ఆ ఏళ్ళ సంగతే.

అపోహ 1: అడిగాడు, మెక్‌లారెన్ తీసేసుకుంది

వాస్తవం: అడిగిన మాట నిజమే. 1995లో చిన్న రేసు బండ్లతో ఆడే కార్టింగ్‌లో బ్రిటన్ కేడెట్ చాంపియన్‌షిప్ గెలిచిన హామిల్టన్, ఆ ఏడాది చివర ఆటోస్పోర్ట్ పత్రిక అవార్డుల సభలో ఫార్ములా వన్ జట్టు మెక్‌లారెన్ అధిపతి రాన్ డెన్నిస్‌ను కలిశాడు. డెన్నిస్ ఆటోగ్రాఫ్ పుస్తకంలో సంతకం పెట్టి, తొమ్మిదేళ్ళ తర్వాత ఫోన్ చెయ్యి, అప్పుడేదో చూద్దాం అన్న అర్థం వచ్చేలా రాసిచ్చాడు. ముచ్చటపడ్డ పెద్దమనిషి ఒక చిన్నపిల్లాడికి చెప్పే జవాబే అది. అందులో ఒప్పందమేమీ లేదు.

1998లో ఫోన్ వచ్చింది. చేసింది డెన్నిసే. ఆ మధ్యకాలంలో హామిల్టన్ కార్టింగ్‌లో మరిన్ని టైటిళ్ళు గెలిచి, తన పేరు మళ్ళీ ఆయన చెవిన పడేలా చేసుకున్నాడు. అప్పుడు పదమూడేళ్ళ వయసులో మెక్‌లారెన్–మెర్సిడెస్ యువ డ్రైవర్ల పథకంలో చోటు దొరికింది. ఫార్ములా వన్‌లో తొలి రేసు మాత్రం 2007 మార్చిలో, మెల్‌బోర్న్‌లో. ఆ ఫోన్ వచ్చాక కూడా తొమ్మిదేళ్ళు కింది మెట్లన్నీ ఎక్కాల్సి వచ్చింది.

అపోహ 2: ప్రతిభ ఉంటే డబ్బు అదే వస్తుంది

వాస్తవం: రేసింగ్‌లో డబ్బు ముందు కావాలి, ప్రతిభ కనపడేది ఆ తర్వాతే. బంతి, బ్యాటు కొనిస్తే వీధిలో ఆడుకునే ఆట కాదిది. కార్టు, ఇంజిను, టైర్లు, ట్రాక్ రుసుము, ఊరూరా ప్రయాణాలు, ఇలా ప్రతి వారాంతం ఖర్చే.

హామిల్టన్ తాత కరీబియన్ దీవి గ్రెనడా నుంచి ఇంగ్లండుకు వలస వచ్చినవాడు. లండన్‌కు ఉత్తరాన ఉన్న స్టీవనేజ్ పట్టణంలో తండ్రి ఆంథొనీది సామాన్య సంసారం. లూయిస్ ముందు రిమోట్ కారు పోటీల్లో పెద్దవాళ్ళతో తలపడి ఆశ్చర్యపరిచాడు. అది చూసిన తండ్రి క్రిస్మస్‌కు ఒక కార్టు కొనిచ్చాడు. ఎనిమిదేళ్ళ వయసులో, 1993లో, కార్టింగ్ మొదలైంది. కొడుకు రేసుల కోసం ఆంథొనీ ఐటీ ఉద్యోగం మానేసి కాంట్రాక్టు పనులకు మారాడు. గిన్నెలు కడిగాడు, అమ్మకానికి ఉన్న ఇళ్ళ ముందు బోర్డులు పాతాడు. ఒక్కో దశలో నాలుగు పనులు చేశాడు. కొడుకు రేసు ఉన్న ప్రతిచోటా తనూ ఉన్నాడు.

అంత చేసినా ఆ కుటుంబం ఒంటరిగా ఫార్ములా వన్ దాకా బండి లాగగలిగేది కాదు. 1998 నుంచి మెక్‌లారెన్, మెర్సిడెస్ అండ దొరకబట్టే దారి ముందుకు సాగింది. తనలాంటి ఇంటి నుంచి వచ్చే పిల్లాడికి ఈ రోజుల్లో ఆ దారి ఇంకా కష్టమైపోయిందని, ఈ ఆట కోటీశ్వరుల పిల్లల క్లబ్బుగా మారిందని హామిల్టన్ బహిరంగంగానే అన్నాడు. తెల్లవాళ్ళే నిండిన కార్టింగ్ ట్రాకుల్లో, బడిలో ఎదురైన జాతివివక్ష గురించి కూడా దాచకుండా మాట్లాడాడు. ఇవన్నీ వదిలేసి ‘ప్రతిభ ఉంటే చాలు’ అనడం ఆ తండ్రి కష్టాన్ని చిన్నబుచ్చడమే.

అపోహ 3: మొదటి నుంచీ ఓటమి తెలియదు

వాస్తవం: కార్టుల నుంచి కార్లకు మారేటప్పుడు జరిగిన తొలి పరీక్షలోనే, మూడో ల్యాప్‌లో, హామిల్టన్ కారును గుద్దేశాడు. ఆ తర్వాత 2001 చివర్లో జరిగిన బ్రిటిష్ ఫార్ములా రెనో శీతాకాలపు పోటీల్లో అయిదో స్థానం వచ్చింది. 2002లో అదే ఫార్ములాలో పూర్తి సీజన్ నడిపితే మూడో స్థానం. రెండో ఏడాది మళ్ళీ అక్కడే ఉండి, 2003లో పది విజయాలతో చాంపియన్ అయ్యాడు. ఆ ఏడాది చివర్లోనే పై మెట్టయిన బ్రిటిష్ ఫార్ములా త్రీ రుచి చూశాడు. ఒక రేసులో టైరు పంక్చరైంది, ఇంకో రేసు సొంత జట్టు డ్రైవర్‌తో ఢీకొనడంతో ముగిసింది.

2004లో యూరోపియన్ స్థాయి ఫార్ములా త్రీలో సీజన్ మొత్తానికి ఒక్క విజయం, అయిదో స్థానం. తర్వాతి ఏడాది పై మెట్టుకు వెళ్ళాలని హామిల్టన్ తొందర, అక్కడే ఇంకో ఏడాది ఉండి నేర్చుకోవాలని మెక్‌లారెన్ పట్టు. మాటామాటా పెరిగి ఒప్పందమే కొన్ని వారాలు తెగిపోయింది. చివరికి హామిల్టన్ తిరిగి వచ్చి, జట్టు చెప్పినట్టే అక్కడే నిలిచాడు. 2005లో ఫలితం: 20 రేసుల్లో 15 విజయాలు, చాంపియన్‌షిప్. 2006లో ఫార్ములా వన్‌కు ముందు మెట్టయిన జీపీ2కి ఎక్కి, మొదటి ఏడాదే ఆ టైటిల్ కూడా అందుకున్నాడు.

అతని తొలి ఏళ్ళలో అన్నిటికంటే విలువైన పాఠం ఈ 2004–05 మలుపులోనే ఉంది. పిల్లాడు ఒకే మెట్టు మీద రెండో ఏడాది ఉంటే వెనకబడ్డాడని కంగారుపడే తల్లిదండ్రులు ఈ రెండు సీజన్ల అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

అపోహ 4: మంచి కారు దొరికింది కాబట్టే గెలిచాడు

వాస్తవం: 2007 మెక్‌లారెన్ గొప్ప కారే, సందేహం లేదు. కానీ అదే కారు ఇంకొకరి చేతిలో కూడా ఉంది. ఆ ఇంకొకరు 2005, 2006 ప్రపంచ చాంపియన్ ఫెర్నాండో అలోన్సో. కొత్త కుర్రాడు మొదటి తొమ్మిది రేసుల్లో వరసగా తొమ్మిదిసార్లు మొదటి మూడు స్థానాల్లో నిలిచి పోడియం ఎక్కాడు. ఆరో రేసులో, కెనడాలో, తొలి విజయం సాధించాడు. సీజన్ ముగిసేసరికి ఇద్దరికీ 109 పాయింట్లే. రెండో స్థానాలు ఎక్కువ ఉన్నందుకు పట్టికలో అలోన్సో కంటే పైన నిలిచింది హామిల్టనే.

టైటిల్ మాత్రం 110 పాయింట్లతో ఫెరారీ డ్రైవర్ కిమి రైకోనెన్‌ది. రెండు రేసులు మిగిలి ఉండగా హామిల్టన్ అతనికంటే 17 పాయింట్లు ముందున్నాడు. చైనాలో టైర్లు అరిగిపోయిన కారు పిట్ లేన్ మలుపులో కంకరలో కూరుకుపోయింది. ఆఖరి రేసులో, బ్రెజిల్‌లో, గేర్‌బాక్స్ మొరాయించి వెనక్కి నెట్టింది. మరుసటి ఏడాది అదే బ్రెజిల్‌లో, చివరి ల్యాప్ చివరి మలుపుల దగ్గర అయిదో స్థానం చిక్కించుకుని, ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఒక్క పాయింటుతో పోగొట్టుకున్నదీ, ఒక్క పాయింటుతో గెలుచుకున్నదీ ఒకే డ్రైవర్.

అపోహ 5: రోడ్డు మీద దూసుకెళ్ళేవాడే రేసర్ అవుతాడు

వాస్తవం: ఇది ప్రాణాలు తీసే అపోహ. హైదరాబాద్ రోడ్ల మీద అర్ధరాత్రి బైకు పందేలకు దిగే కుర్రాళ్ళు తమను రేసర్లమనే అనుకుంటారు. హామిల్టన్ అనుభవమే దీనికి జవాబు. 2007 డిసెంబరులో ఫ్రాన్స్ మోటారు మార్గంలో గంటకు 196 కిలోమీటర్ల వేగంతో పోతూ పోలీసులకు దొరికాడు. కారు స్వాధీనం చేసుకుని, నెల రోజులు అక్కడ నడపకుండా నిషేధించారు. రేసుల్లో గంటకు 300 దాటి నడిపేవాడికి కూడా రోడ్డు మీద మినహాయింపు దొరకలేదు.

2023 ఫిబ్రవరి 11న అదే హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. నగరం రోడ్డే, కానీ మామూలు రాకపోకలు ఆపేశారు, రెండు వైపులా అడ్డుగోడలు కట్టారు, సహాయక సిబ్బందిని నిలబెట్టారు. ఇవన్నీ లేని చోట వేగం రేసు కాదు, నేరం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని రోడ్డు పందేలకు జైలుశిక్ష పడొచ్చు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి.

నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకు దారి కార్టింగ్ ట్రాక్ నుంచే మొదలవుతుంది. మన దేశంలో పోటీ లైసెన్సు ఇచ్చేది జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ. హెల్మెట్, శిక్షకుడు, లైసెన్సు, ఈ మూడూ అమరాకే పోటీ సంగతి. ఇంట్లో బైకు తాళాలు అడుగుతున్న కుర్రాణ్ణి ముందు ఆ ట్రాక్‌కు తీసుకెళ్ళండి.